సూదికి ముందే ఎరుపు

మార్చి 3, సోమవారం

మిర్చి యార్డు వెనక, తొడిమలు తీసే షెడ్డులో హెల్త్ క్యాంపు. కూలీల సంఘం తరఫున నేనూ వెళ్లాను. కొత్త చిప్ అట. వేలి నుంచి రక్తం చుక్క వేస్తే, చిప్‌లోని బంగారు నానో రేణువులు కిడ్నీ జబ్బు ఆనవాలును పట్టుకుని ఎర్ర గీతగా చూపిస్తాయి. గీత ముదిరితే జబ్బు. ఫోనే కొలిచి చెబుతుంది. సైన్సుతో నాకెప్పుడూ పేచీ లేదు. దాన్ని చంకన పెట్టుకుని తిరిగేవాళ్లతోనే.

ఇరవై ఆరు మంది ఆడవాళ్లు. ఇరవై ఆరూ పాజిటివ్.

మార్చి 4, ఉదయం 6

రిపోర్టు తేలేదాకా ఎవరూ పనిలోకి రావద్దన్నాడు మేస్త్రి జయరావు. షెడ్డులో పడిపోతే కేసు తన మెడకి చుట్టుకుంటుందట. రసూల్‌బీ పదకొండేళ్లుగా అక్కడే తొడిమలు తీస్తోంది. ఆమె పనికెళితేనే ఇల్లు గడుస్తుంది.

కాయల మీద చల్లే మందులే కారణమంటూ, పురుగుమందుల కంపెనీలను ఉతికి ఆరేస్తూ నాలుగు పేజీలు రాశాను. పత్రికకు పంపేశాను.

అదే సాయంత్రం

రసూల్‌బీ వచ్చింది. వ్యాసం చదివి వినిపించాను. ఓపిగ్గా విని, బాగుందంది. తర్వాత అంది:

"సూది గుచ్చకముందే, వేలు తుడిచిన దూది ఎర్రబడింది సార్. నేను చూశాను."

మంట పుట్టకుండా వీళ్లు చేతులకి కొబ్బరినూనె రాసుకుని పనిలో కూర్చుంటారు. కాయ రంగు నూనెలో కలిసి చర్మంలోకి దిగుతుంది. నీళ్లతో పోదు, స్పిరిట్ దూదికే ఊడుతుంది. చిప్ మీదికెక్కిన ఎరుపు అదే. గుంటూరులో పుట్టి పెరిగిన నాకు తట్టలేదు.

వ్యాసం ఆపించాను.

మార్చి 5

క్యాంపు టెక్నీషియన్ హేమశ్రీతో గంట వాదన. చిప్‌ను అన్నిటితోనూ పరీక్షించారట. మిరపకాయతో? అన్నాను. ఆ పిల్ల నవ్వేసింది. రేపు చెవి తమ్మె నుంచి రక్తం తీస్తానంది. పోల్చి చూడ్డానికి కాయ ముట్టని మనిషి ఒకరు కావాలంది. నన్నే గుచ్చమన్నాను.

మార్చి 6

ఇరవై ఆరు మందికీ గీత కనీకనపడనట్టు వచ్చింది. జయరావు గొణుక్కుంటూనే అందరినీ పనిలోకి రమ్మన్నాడు. షెడ్డు ముందు నిలబడి గట్టిగా ఉపన్యాసమే ఇచ్చాను.

నా గీత చిక్కగా ఎర్రబడింది. రెండో చిప్ మీదా అంతే.

రసూల్‌బీ దాన్నే చూస్తూ నెమ్మదిగా అంది. "మీరు కాయ ముట్టుకోలేదు గదా సార్."

మార్చి 7

పెద్దాసుపత్రి ల్యాబ్ ముందు క్యూ. పని మానుకుని రసూల్‌బీ నాతో వచ్చింది. వద్దని వాదించాను. ఓడిపోయాను.