కడప దాకా ఆగని కారు

శుక్రవారం, రాత్రి

ఎలక్ట్రిక్ కారు కోసం ఇవాళ మూడో షోరూమ్. కాళ్లు లాగేస్తున్నాయి. ఈయన అక్కడా అదే ప్రశ్న: "ఒక్క చార్జింగ్‌లో కడప పోతాదా?"

"రోజు ఎంత దూరం పోతరు సార్?" అంది సేల్స్ అమ్మాయి.

చందానగర్ నుంచి నానక్‌రామ్‌గూడలోని ఆఫీసుకి, మళ్లీ ఇంటికి. అంతే. చిన్న బ్యాటరీ చాలని ఆ అమ్మాయి చెప్పినా ఈయన వినలేదు.

కడపలో ఉన్న వాళ్లన్నతో ఈయనకు మాటల్లేక ఏళ్లయింది. వాళ్లింట్లో పెళ్లిళ్లకూ వెళ్లలేదు. ఇంటికొచ్చాక విసుగొచ్చి అడిగేశాను: "వెళ్లని ఊరికి అంత బ్యాటరీ ఎందుకండీ? వెళ్లినా కర్నూల్లో ఆగి చార్జింగ్ పెట్టుకోవచ్చుగా?"

షూ లేసులు విప్పుతూ, తలెత్తకుండా అన్నారు: "ఎప్పుడైనా అన్న కాడికి పోదామని బయల్దేరితే... మధ్యలో ఆగినానంటే వెనక్కి తిప్పుకొని వచ్చేస్తానే."