రూతు గడ్డి, పెద్దనాయన పంచెలు

మదనపల్లె

మెర్లిన్ తల్లికి పెద్దమ్మ దీవెనలు.

ఫోన్ చేస్తే మీ పెద్దనాయన చెవి ఇటే ఉంటుంది, అందుకే ఉత్తరం. మన పుంగనూరు ఆవు రూతుకు పళ్లు అరిగిపోయాయి, వరిగడ్డి నమల్లేకపోతోంది. "ముసిల్దాన్ని యాల మేపేది? వచ్చే సంతకు పుంగనూరు తోలుకపోయి అమ్మేస్తా" అంటున్నాడు. నా చేతుల్లో పెరిగిన ఆవు. ఏడుపొస్తోందమ్మా.

గడ్డిని మెత్తబరుస్తుందని నీ ల్యాబ్ నుంచి పంపిన పొట్లం విప్పితే అంతా తెల్ల బూజు! మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసినదాన్ని, ఊరుకుంటానా? డెట్టాల్‌తో కడిగి గడ్డి మీద చల్లాను. ఏమీ కాలేదు.

మణెమ్మ

తా.క. పొట్లం కట్టినవాళ్లను చేతులు కడుక్కోమను.

కుప్పం

పెద్దమ్మకు వందనాలు.

మీరు కడిగేసిన బూజే మందు! ఇంకోటి పంపుతున్నాను, దీన్నైనా బతకనివ్వండి. గడ్డిలో చక్కెరలు గొలుసుగా ముడిపడి ఉంటాయి. బియ్యంలోనూ అదే చక్కెర, ముడి వేరు. బూజు వదిలే ఎంజైమ్‌లో ఒక గాడి ఉంటుంది. గడ్డి ముడి అందులో సరిగ్గా అమరితేనే తెగుతుంది. రూతు నాలుకలో ఆ ముడి లేదు, భయం వద్దు. గడ్డిని వేడినీళ్లలో నానబెట్టి, చల్లారాక బూజు కలిపి, శుభ్రమైన చోట మూసిపెట్టండి.

మీ మెర్లిన్

తా.క. నూలుబట్టలోనూ అదే ముడి. పాలియెస్టర్‌లో లేదు.

మదనపల్లె

తల్లీ,

చెప్పినట్టే చేశాను. మా ఇంట్లో బట్టల బీరువా కంటే శుభ్రమైన చోటు లేదు. తడిగడ్డి బుట్ట అందులోనే పెట్టాను.

మణెమ్మ

తా.క. పుట్టగొడుగుల వాసన వస్తోంది. మీ పెద్దనాయన ఎలుక చచ్చిందని వెతుకుతున్నాడు.

కుప్పం

అయ్యో పెద్దమ్మా, వెంటనే తీసేయండి! పెద్దనాయనవన్నీ నూలు పంచెలే! మీ నూలు చీరలు! నా తాజాకలం చదవలేదా?

మెర్లిన్

మదనపల్లె

మెర్లిన్ తల్లికి,

నీ ఉత్తరం సంత రోజే అందింది. అప్పటికే ఆయన బీరువా తెరిచాడు. పంచెలన్నీ తడిసి, బూజు పట్టి, వేలు పెడితే చిరిగిపోతున్నాయి. "లుంగీ కట్టుకోని సంతకు పొయ్యేదెట్లా? నలుగురూ నగరా?" అని అరుగు మీద కూలబడ్డాడు. ఆ పూట బుట్టలో గడ్డి రూతు ముందు పోశాను. మెత్తబడిన గడ్డి, గబగబా తినేసింది. ఆయన చాలాసేపు చూసి, "బాగా తింటా ఉండాదే. ఇంగ అమ్మేది యాల?" అన్నాడు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఇంకో పొట్లం పంపు.

మణెమ్మ

తా.క. నీ తాజాకలం రెండుసార్లు చదివాను. బుట్ట పెట్టేముందే నా నూలు చీరలన్నీ ట్రంకుపెట్టెలోకి మార్చాను.