బంతి రాకముందే

అల్ ఖోబర్,
శుక్రవారం

చిరంజీవి సువార్తకు నాన్న దీవెనలతో రాస్తున్నది.

దేవుని కృప వల్ల నేనిక్కడ బాగున్నాను. మీ అమ్మ ప్రేమలతకు నడుము నొప్పి తగ్గిందనీ, నువ్వు వేళకు తింటున్నావనీ నమ్ముతున్నాను. ఫోనులో అయితే రెండో నిమిషంలోనే ప్రసంగంలోకి దిగిపోతానని నువ్వే అన్నావు. అందుకే కాగితం పట్టుకున్నాను. మా గదిలో ఉండే కడప జమాలుద్దీన్ సెలవు మీద వస్తూ ఇది తెచ్చి ఇస్తాడు.

"ఆ బేస్‌బాల్ ఫొటోలు నిజంగా నువ్వే తీశావా?" అని అడిగావు. నేనే తీశానమ్మా. నువ్వు ఆడే సాఫ్ట్‌బాల్‌కి పెద్దన్న లాంటి ఆట ఇది. కంపెనీ కాంపౌండులో గడ్డి కోసే మనిషి తీశాడంటే ఇక్కడివాళ్లూ నమ్మలేదు. ఎప్పుడూ తీసే ఆయన సెలవు మీద వెళ్తే, ఆఫీసు కుమార్ గారు ఇక్కడి ఆటల క్లబ్బు కెమెరా తెచ్చి నా మెడలో వేశారు. మొదటి రెండు వారాలూ గడ్డీ, ఎవరిదో మోచెయ్యీ తప్ప ఏమీ పడలేదు. "భూషణం గారూ, బాల్ వెంట పడకండి. ఫీల్డర్ మీద ఫోకస్ లాక్ చేసి షట్టర్ స్పీడ్ పెంచండి" అన్నారాయన. పెంచాను. అయినా నేను నొక్కేసరికి మనిషి దాటిపోయేవాడు.

చివరికి నాకు తెలిసిన పనే దారి చూపింది. ఇరవై ఏళ్లు మన మందిరంలో వాక్యం చెప్పాను కదా. సభ "ఆమెన్" అనే ముందు ఒక్క ఊపిరి లోపలికి తీసుకుంటుంది. అది వినపడదు, భుజాల్లో కనపడుతుంది. ఫీల్డరూ అంతే. బ్యాటుకి బంతి తగలకముందే మడమలు నేల విడుస్తాయి. ఆ మడమలు చూసి నొక్కడం మొదలుపెట్టాను. మెలకువగా ఉండమని లేఖనం ఊరికే చెప్పలేదు.

జమాలుద్దీన్ ఊరుకుంటాడా. "ఏం సామీ, ఆటలు సైతాను పనంటివే. ఇప్పుడు శుక్రవారమొస్తే నువ్వే గడ్డిలో బోర్లా పండుకుంటుండావు" అన్నాడు.

"సాతాను ఎంత జోరుగా పరిగెడతాడో ఫొటో తీసి నీకే చూపిద్దామని" అన్నాను. వాడు నవ్వాడు గానీ, ఆ మాట నాకే గుచ్చుకుంది.

పోయిన శుక్రవారం ఖఫ్జీ జట్టుతో ఫైనల్. రెండో బేసుకీ మూడో బేసుకీ మధ్య, షార్ట్‌స్టాప్ అని నువ్వు నిలబడే చోటే, ఒక ఫిలిప్పీన్స్ నర్సు ఆడింది. ఆవిడ మడమలు లేచాయి. నేను నొక్కి పట్టాను. ఫొటోలో ఆవిడ నేలకి మూరెడు ఎత్తున గాలిలో అడ్డంగా ఉంది, చేతి తొడుగులో బంతి ఉంది. దాన్ని పెద్దది చేయించి క్లబ్బు గోడకి తగిలించారు. కింద నా పేరు వేశారు. గర్వపడ్డాను తల్లీ, దాచను.

ఆ గోడ ముందు నిలబడితే నువ్వు గుర్తొచ్చావు. ఊరంతా నీ ఆట చూసింది. నేను ఒక్కసారీ చూడలేదు.

"ఈసారైనా సెలక్షన్‌కి వెళ్లనా నాన్నా? నా కాళ్లు నెమ్మదేమో" అని రాశావు. ఆ జవాబు ఇంతసేపూ వెనక్కి తోస్తూ వచ్చాను. పోయినేడు, నేనింకా గల్ఫ్‌కి రాకముందు, రాష్ట్ర జట్టు సెలక్షన్‌కి పిలిచిన వాళ్లలో నీ పేరు ఉంది. నేనే మీ పీఈటీ సారుకి ఫోన్ చేసి తీయించేశాను. కూతుర్ని ఆటకి పంపి పీఠం మీద ఏ మొహంతో నిలబడాలి అనుకున్నాను. నా కాళ్లు నెమ్మదని నువ్వు ఏడుస్తుంటే, దేవుని చిత్తం అన్నాను. అది ఆయన చిత్తం కాదు, నాది. నా పనికి ఆయన పేరు పెట్టాను.

నిన్న సారుతో మాట్లాడాను. "ఏడాదిగా ఆ పిల్ల కళ్లలోకి చూడలేకపోతున్నానండీ. ముందు నిజం చెప్పండి, తర్వాత అనుమతి పత్రం మీద సంతకం పెట్టండి" అన్నారు. రెండూ ఈ కవరులోనే ఉన్నాయి. క్షమించమని తొందరపెట్టను. ఆడి వచ్చాక తీరిగ్గా ఆలోచించుకో.

ఒక్క పని. పోయినేడు నేను చేసింది రాసిన పేరాను మీ అమ్మ మన సంఘం ముందు నిలబడి చదవాలి. ఆటల మీద నేను నిప్పులు కురిపించింది వాళ్ల ముందే కాబట్టి, ఇదీ వాళ్లే వినాలి. సెలక్షన్ జరిగే ఆదివారమే చదవమను. నువ్వు మాత్రం ఆ పూట మందిరానికి వెళ్లొద్దు. మైదానానికి వెళ్లు.

ఇట్లు,
షార్ట్‌స్టాప్ సువార్త తండ్రి,
భూషణం