నీ మూరెడు దారం పంపు

కాపెల్, టెక్సాస్, 14-10-2008

చెల్లీ రాజ్యం,

ఇక్కడ అందరం బాగున్నాం, దిగులు పడకు.

మనవరాలు చరితకి రెండో క్లాసులో ఈ వారం కొలతలు నేర్పుతున్నారు. స్కేలు ఇవ్వకుండా ముందు ఎవరి మూరతో వాళ్ళను బల్ల కొలవమన్నారట. ఒక్కొక్కరికి ఒక్కో లెక్క వచ్చింది. అప్పుడు మన పిల్ల లేచి, పూలావిడ మూర పొట్టిదని నువ్వు నీ చేత్తోనే కొలిచి తీసుకునేదానివని, నిన్ను చూడగానే ఆవిడ బుట్టెత్తుకుని పక్క వీధికి పోయేదని చెప్పిందట. టీచరు పడీపడీ నవ్విందట. ఇంటికొచ్చి, "అమ్మమ్మా, చిన్నమ్మమ్మ మూర మా క్లాస్ వాల్ మీద పెడతాం, మెజర్ చేసి పంపమను" అని ఒకటే గొడవ.

నీ కుడిచేతి కట్టు విప్పారా? అప్పడాల పిండి జోలికి మాత్రం పోకు. మరిదిగారిని అడిగానని చెప్పు.

మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా దారం కొలిచి కవర్లో పెట్టు. కుడిచేతిదే సుమా! నీ మూర నాదానికంటే రెండు వేళ్ళు ఎక్కువని నాకు తెలుసు. ఫోన్‌లో అడిగితే "బాగానే ఉందక్కా" అని దాటేస్తావు. దారం చూస్తే, వేళ్ళు పూర్తిగా చాపగలుగుతున్నావో లేదో నాకే తెలుస్తుంది.

ఆ చెయ్యి చల్లగా ఉండాలని దీవిస్తూ,
అక్క వసుమతి