ఓర్విక్ తాళం ఎవరికీ ఇవ్వను

అక్టోబరు 1, బుధవారం. ఉదయం 7.40. సింగటోకా.

ఈ రోజు నుంచి నేను 'లేదు' అంటాను. ఇది ప్రతిజ్ఞ. సాక్షులు: నేను, గోడ మీద బల్లి, షోరూం ముందు నిలబడ్డ తెల్ల ఓర్విక్ కారు.

భావితరాల కోసం పూర్వకథ. ఓర్విక్ అనేది కార్ల కంపెనీ. ఏ దేశానిదని ఎవరైనా అడిగితే బ్రోషర్ చేతిలో పెడతాను. బ్రోషర్లో కూడా రాయలేదు. ఫిజీ మొత్తానికి ఈ కంపెనీకి ఉన్నది ఒకే షోరూం, దానికి ఉన్నది ఒకే ఉద్యోగి: నెమానీ, అనగా నేను, వాణిజ్యశాస్త్ర పట్టభద్రుణ్ణి.

జూన్‌లో ఆక్లాండ్ నుంచి మా పెద్దసారు గ్రాంట్ ఒక ఫారం పంపాడు. 'ఓర్విక్ కారు కొనే ఉద్దేశం ఉందా?' సింగటోకా లోయంతా తిరిగి నలభై మూడు మందిని అడిగాను. నలభై మూడు మందీ ఉందన్నారు. మా వైపు ఎదుటి మనిషి మొహం మీద లేదనడం చర్చికి పంది మీద వెళ్లడం లాంటిది. ఎవరూ చెయ్యరు. 'చంద్రుణ్ణి కొంటారా' అని అడిగినా 'ఆలోచిద్దాం, కూర్చో, టీ తాగు' అంటారు. ఈ సంగతి నాకు తెలుసు. కానీ ఫారంలో 'మొహమాటపు అవును' అనే గడి లేదు. నూటికి నూరు అని రాసి పంపాను. గ్రాంట్ మురిసిపోయి పద్దెనిమిది కార్లు ఓడెక్కించాడు. అవి ఇప్పుడు వెనక పెరట్లో పెళ్లిచూపులకి కూర్చున్నట్టు వరసగా ఉన్నాయి. నలభై మూడు మందిలో ఒక్కరూ ఇటు తొంగి చూడలేదు.

నిన్న ఫోన్ వచ్చింది. "నెలాఖరుకి మూడు బుకింగులు కావాలి నెమానీ. లేకపోతే షోరూం మూసేస్తాం. ముప్పై ఒకటిన స్వయంగా వస్తున్నా."

మూసేస్తే నా గతి లోసెనా అత్త మిరపతోటలో కలుపు తీత. పట్టభద్రుడి చేత కలుపు తీయించాలని అత్తకి నాలుగేళ్లుగా కోరిక.

ఇక తెల్లకారు సంగతి. కొనేవాళ్లకి నడిపి చూపించడానికే అది. మీటరు వెయ్యి కిలోమీటర్లు దాటకూడదని గ్రాంట్ ఆజ్ఞ. మాకేమో కెరెకెరె అని ఒక ఆచారం ఉంది. అయినవాడు వచ్చి ఆ మాట అని చెయ్యి చాపితే, నీ దగ్గరున్నది ఇవ్వాలి. ఇవ్వనివాడికి పెళ్లికి పిలుపు రాదు, చచ్చినా మోసేవాడు రాడు.

కాబట్టి నియమాలు:
1. తాళం నా జేబులోనే.
2. చుట్టాలకి లేదు.
3. బావకి అసలే లేదు.

మీటరు: 61. మనసు: ప్రశాంతం.

అక్టోబరు 2. సాయంత్రం 5.

ఎవరూ అడగలేదు. నా మొహంలో తేజస్సు చూసి భయపడి ఉంటారు.

అక్టోబరు 3, శుక్రవారం. మధ్యాహ్నం 3.15.

బావ వచ్చాడు. కిటియోనె, లోసెనా అత్త కొడుకు. బావామరుదులం అన్నాక ఒకరినొకరు తిట్టుకోవడం ఇద్దరికీ హక్కు. వస్తువులు పట్టుకుపోవడం వాడొక్కడికే ఎలా అలవాటైందో తెలియదు.

"ఏం బావా, కార్లు అమ్మావా, కాపలా కాస్తున్నావా?"

"పనిలో ఉన్నాను."

"కనపడుతోందిలే. బల్లి కూడా నిద్రపోయింది. రేపు నాండీలో రగ్బీ ఉంది. కెరెకెరె."

నోరు తెరిచాను. ప్రతిజ్ఞ గొంతు దాకా వచ్చింది. అక్కడ దానికి ఎవరో తెలిసినవాళ్లు కనపడినట్టున్నారు, ఆగిపోయింది. చెయ్యి మాత్రం తనంతట తానే జేబులోకి వెళ్లి తాళం తీసి ఇచ్చింది.

ఇది ఓటమి కాదు. నడిపి చూసేవాళ్ల రిజిస్టరులో రాశాను: 'పేరు: కిటియోనె. ఆసక్తి: అమితం.'

అక్టోబరు 5, ఆదివారం.

కారు రాత్రి తిరిగొచ్చింది. మీటరు 214. ఏడుగురు ఆటగాళ్లు, వాళ్ల బూట్లు, వాళ్ల చెమట కలిసి వెళ్లొచ్చారు. గెలిచారట. వాసన బట్టి చూస్తే ఓడిపోయినవాళ్లు కూడా ఇందులోనే వచ్చారు.

ఉదయం 9.30. పాస్టరు గారు అడిగారు. గాయకబృందాన్ని పక్క ఊరి చర్చికి చేర్చాలి. పాస్టరు చుట్టం కాడు కనక నియమం 2 వర్తించదు. రిజిస్టరు: 'సంఘంలో పెద్దమనిషి. ఆసక్తి: ఆధ్యాత్మికం.'

అక్టోబరు 8, బుధవారం. ఉదయం 11.

నిజమైన కొనుగోలుదారు. తేదీకి చుట్టూ గీత గీశాను. అవికాశ్ చంద్ గారికి మా షోరూం ఎదుటి బస్టాండు దగ్గర నాలుగు టాక్సీలున్నాయి. అవి పాతవి, అన్నీ జపాన్‌లో ఒకసారి బతికి, ఇక్కడ రెండో జన్మ ఎత్తినవి. బ్రోషర్ చివరి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. అప్పుడే అనుకున్నాను, ఈయన తేలిగ్గా పడే మనిషి కాదని.

"స్పేర్ పార్టులు ఎక్కడ దొరుకుతాయి తమ్ముడూ?"

"ఆక్లాండ్ నుంచి తెప్పిస్తాం సార్. మూడు వారాల్లో."

"ఆ మూడు వారాలు నా డ్రైవరు ఏం చెయ్యాలి? ప్రయాణికుల్ని భుజాన ఎక్కించుకోవాలా?"

"ముందొకసారి నడిపి చూడండి సార్. మీకే తెలుస్తుంది."

"సరే పద. కారేది?"

కారు అత్త దగ్గర ఉంది. అత్త మార్కెట్లో ఉంది. ఆయన బ్రోషర్ మడిచి నా జేబులో పెట్టాడు. జాలితో అనుకుంటా.

సాయంత్రం 4. అత్తతో గట్టిగా మాట్లాడాను. యథాతథంగా రాస్తున్నాను.

"అత్తా, అది కంపెనీ కారు."

"కంపెనీకి అత్తలు లేరా?"

"కొనేవాళ్లకి చూపించాలి అత్తా. అది ఇక్కడే నిలబడి ఉండాలి."

"ఎండలో ఊరికే నిలబడి ఏం చేస్తుంది పాపం? ఊరికే నిలబడటానికి నువ్వొక్కడివి చాలవా? ఒరేయ్ నెమానీ, శనివారం కర్రపెండలం ఆరు బస్తాలున్నాయి. పొద్దున్నే పంపు."

గట్టిగా మాట్లాడింది ఎవరో పైన రాసింది చదివితే తెలుస్తుంది.

అక్టోబరు 10, శుక్రవారం.

ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన రోజు. నాకు రాలేదు. మీటరు 905.

అక్టోబరు 11. కర్రపెండలం. మీటరు వెయ్యి దాటింది. ఆ అంకె దాటుతుంటే చూడటానికి నేను కారులో లేను. జాగా లేదన్నారు.

అక్టోబరు 14, మంగళవారం.

గ్రాంట్‌కి నివేదిక పంపాను. ఒక్క అబద్ధం లేదు: 'కొత్త మార్కెట్లో ఓర్విక్‌కి అపూర్వ ఆదరణ. కారు ఒక్క గంట కూడా ఖాళీగా ఉండటం లేదు. యువత, మహిళలు, రైతులు, మతపెద్దలు, అన్ని వర్గాలూ పదే పదే అడిగి మరీ నడుపుతున్నారు.'

జవాబు ఐదు నిమిషాల్లో వచ్చింది: 'బ్రహ్మాండం. బుకింగులు ఎన్ని?'

నేను: 'చర్చల దశలో ఉన్నాయి.'

నిజమే. ఎవరు ముందు తీసుకెళ్లాలా అని బావకీ పాస్టరుకీ మధ్య చర్చ నడుస్తోంది.

అక్టోబరు 17.

నియమాలకి సవరణ. మనిషన్నాక వాస్తవాన్ని గుర్తించాలి. 'చుట్టాలకి లేదు' తీసేసి 'దూరపు చుట్టాలకి లేదు' అని మార్చాను. రాత్రి యాంగోనా వేరు కషాయం తాగడానికి కూర్చున్న పెద్దల్ని అడిగితే లోయలో నాకు దూరపు చుట్టం ఒక్కడూ లేడని తేల్చారు. అందరూ దగ్గరవాళ్లేనట. ఎంత అదృష్టవంతుణ్ణో అని నా వీపు తట్టారు.

అక్టోబరు 21, మంగళవారం. మీటరు 2,870.

బావ కేయాసి వెళ్లాడు. అది లోయ పైచివర, రోడ్డు అక్కడక్కడ మాత్రమే రోడ్డు. వానకి వాగు పొంగింది. వాగు దాటాడు. వచ్చేటప్పుడు వెనక సీట్లో పంది. నిలువెత్తు పంది, దానికి సీటు బెల్టు కూడా పెట్టాడు.

"పంది ఏంటి బావా?"

"పెళ్లికి. నీ పెళ్లికి కాదు, కంగారుపడకు. నిన్నెవరు చేసుకుంటారు?"

"సీటు చూడు ఏమైందో."

"కడుగుతాలే. ఒకటి మాత్రం చెప్పాలి, బండి మొండి బండి. వాగులో సగం మునిగింది, ఒక్కసారి దగ్గలేదు. నువ్వే దగ్గుతావు."

మంచి మాట. ఇలాంటివి బ్రోషర్లో ఉండవు. బ్రోషర్లో ఒక అమ్మాయి కారు పక్కన నిలబడి నవ్వుతుంటుంది, పంది లేకుండా.

అక్టోబరు 24, శుక్రవారం.

వారం మిగిలింది. బుకింగులు సున్నా. సిగ్గు విడిచి బావనే అడిగాను.

"బావా, నీకు చెరుకు డబ్బులొచ్చాయి కదా. ఈ కారు ఇంత నచ్చింది. ఒకటి కొనుక్కోరాదూ?"

బావ నిజంగా ఆలోచించాడు. ఎగతాళి కాదు. నుదురు ముడిపడింది.

"ఎందుకు? ఉంది కదా."

నాలుగేళ్లు విశ్వవిద్యాలయంలో మార్కెట్ గురించి చదివాను. బావ మూడు మాటల్లో అవతల పారేశాడు. ఊరంతటికీ ఓర్విక్ ఉంది. ఉన్నదాన్ని ఎవరు కొంటారు? నా అమ్మకాలకి పోటీ జపాన్ కాదు, నేనే.

అక్టోబరు 26, ఆదివారం. డైరీ రాయబుద్ధి కావడం లేదు. తోటకి బూట్లు కొనాలి.

అక్టోబరు 29, బుధవారం.

కేయాసిలో అత్త మరిది విలియామె పోయాడు. చిన్నప్పుడు నాకు ఈత నేర్పింది ఆయనే, వాగులోకి తోసి. అంత్యక్రియలు శుక్రవారం. శుక్రవారం ముప్పై ఒకటి.

అత్త ఈసారి కెరెకెరె అనలేదు. చాపలు అల్లిన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేనే చెప్పాను, కారు పొద్దున్నే తెస్తానని. ఎవరూ అడక్కుండా ఇవ్వడం ఇదే మొదలు.

గ్రాంట్ అదే రోజు వస్తున్నాడన్న సంగతి అత్తకి చెప్పలేదు.

అక్టోబరు 31, శుక్రవారం. రాత్రికి రాస్తున్నాను.

ఉదయం 8.10. షోరూం ముందు కారు నిండా చాపలు, తారో దుంపలు, నల్లబట్టల్లో అత్త, ఆవిడ తోడికోడళ్లు ఇద్దరు. బావ స్టీరింగ్ దగ్గర. నాకు డిక్కీలో చాపల మీద చోటు.

8.15. నాండీ బస్సు ఆగింది. గ్రాంట్ దిగాడు. పదింటికి వస్తానన్న మనిషి. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. లోపలికి వంగి మీటరు చూశాడు. 4,118. అత్త ఆయనకి తల వంచి నమస్కారం చేసింది. ఆయన కూడా చేశాడు, ఏం చెయ్యాలో తోచక.

"నెమానీ, వీళ్లెవరు?"

"మార్కెట్, సార్."

"తాళం ఇవ్వు. ఈ కారు నేను తీసుకెళ్తున్నా. మధ్యాహ్నం ఫ్లైటు లోపల లెక్క తేల్చాలి."

అప్పుడు అన్నాను.

"లేదు సార్."

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. నాలుక ఊడిపడలేదు. బావ మాత్రం వెనక్కి తిరిగి, నా మొహం వంక తేలు కుట్టినవాడిలా చూశాడు.

"ఇవాళ కుదరదు. చావు ఉంది. మీరు కావాలంటే షోరూం మూసెయ్యండి, కారు సాయంత్రం తెచ్చిస్తాను."

గ్రాంట్ ఏమనేవాడో తెలియదు. రోడ్డు అవతల నుంచి అవికాశ్ చంద్ గారు టీ గ్లాసుతో సహా నడిచొచ్చారు.

"మీరేనా ఓర్విక్ ఓనరు? నెల్రోజులుగా బస్టాండులో కూర్చుని ఈ బండినే చూస్తున్నా. ఏడుగురు మొనగాళ్లు ఎక్కారు. బస్తాలెక్కాయి. పందెక్కింది. కేయాసి రోడ్డు మీద నా టాక్సీ అయితే రెండో వారానికే చచ్చేది. దీని కింద చుక్క నూనె కారలేదు. మీ కుర్రాడి మాట నేను నమ్మలేదు. వీడి చుట్టాల్ని నమ్మాను. రెండు రాయండి. కానీ పార్టులు ముందు తెచ్చి ఇక్కడ పెట్టాలి, కనపడేలా."

"మూడు అన్నాను," అన్నాడు గ్రాంట్ నాతో.

"రెండే సార్," అన్నాను. నోరు అలవాటు పడింది.

మేం వెళ్లిపోయాం. విలియామె మామని బాగానే సాగనంపాం. తిరిగొచ్చేసరికి బల్ల మీద చీటీ: 'రెండంటే మూడు కాదు. నవంబరు చివరికి ఇంకొకటి. వెనక నుంచి కొత్త డెమో కారు తీసుకో. ఈసారి నువ్వు నాకు చెప్పిన మాటే వాళ్లకీ చెప్పు.'

నవంబరు 3, సోమవారం. ఉదయం 7.30.

కొత్త కారు. వెండిరంగు. మీటరు 4. నియమం ఒక్కటే: తాళం ఎవరికీ ఇవ్వను. 'లేదు' అనే మాట నా నోట పలుకుతుందని పరీక్షించి నిర్ధారించాం. పరీక్ష పైవాడి మీద జరిగింది. ఇక బావ ఎంత?

7.52. బయట హారన్. పొద్దున్నే ఎవరబ్బా అని కిటికీలోంచి చూశాను. హారన్ కొడుతున్నది వెండిరంగు కారు. లోపల బావ. ఇవాళ కేయాసిలో నాలుగో రోజు కార్యం, అత్తని తీసుకెళ్లాలట. బల్ల మీద తాళం కనపడిందట, నన్ను లేపడమెందుకని ఊరుకున్నాడట. నేను నిద్రలో లేను. తల వంచుకుని ప్రతిజ్ఞ రాస్తున్నాను.

"వస్తావా, ఉంటావా బావా?"

నవంబరుకి ముప్పై రోజులు. రేపు మొదలుపెట్టినా ఇరవై ఏడు మిగులుతాయి.