మొదటి బిందె పలకకే

వల్లీ,

కాఫీ ఫ్లాస్కులో ఉంది. చూలై బజారులో వెల్డింగు షాపువాడు పలక కింద బిగించే బ్రాకెట్లు సిద్ధమన్నాడు, తేవడానికి పోతున్నాను.

వరండా బల్ల మీద మన బాత్‌రూమ్‌లో బేసిన్ పెట్టడానికి పోసిన సిమెంటు పలక గట్టిపడింది. తట్టి చూడు, పలక పలుకుతోంది. దాని మీది గోనెసంచి మాత్రం ఆరనివ్వకు, గంటకో చెంబు నీళ్లు పొయ్యి. గోనె ఆరితే పలక పగులుతుంది, నేను గొణుగుతాను. లారీ నీళ్లొస్తే మొదటి బిందె దానికే. నా స్నానం నీళ్లు పొద్దున్నే దానికి పోసేశాను, సాయంత్రం నాకు కాస్త దూరంగా కూర్చో.

"పలక ఇంత కిందికి పెడితే ఎట్టా సామీ, ఈడ పిల్లకాయల బడి పెడతారా?" అన్నాడు మేస్త్రీ కాటయ్య. "మా ఆవిడ సింహాసనం దిగకుండానే మొహం కడుక్కుంటుంది" అన్నాను. నీ చక్రాల కుర్చీ హాయిగా దాని కిందికి దూరుతుంది. వచ్చే ఆదివారం నుంచి నీ ముందు బేసిన్ పట్టుకుని నిలబడే నా ఉద్యోగం ఊడినట్టే.

మరిచాను. ఎత్తు కొలవడానికి నీ కుర్చీలో కూర్చున్నాను. బాత్‌రూమ్ అద్దంలో పైకప్పు తప్ప ఏమీ కనబడలేదు. మూడేళ్లుగా ఒక్క మాట చెప్పలేదేం? అద్దం నీ ఎత్తుకు దించేశాను. ఇవాళ బొట్టు అందులో చూసి పెట్టుకో.

కోదండం