చంద్రిక జుట్టు ఎవరిది?

అత్తా,

నీ కోడలు దండాలు పెట్టి రాస్తాండాది. ఫోన్లో ఈ మాటెత్తితే సిగ్నల్ లేదని పెట్టేస్తావు గదా, అందుకే కువైట్ నుంచి ఊరికొస్తాండే గంగులయ్యన్న చేతికి ఈ జాబూ, ఒక దువ్వెనా ఇచ్చినా.

నా బిడ్డ చంద్రిక జుట్టును పిచ్చుకగూడు అంటావు, దయ్యం తల అంటావు. అది అద్దం చూసుకోడమే మానేసింది. తిరుమలలో గుండు కొట్టిస్తే నున్నగా మొలుస్తాదని రైలు టికెట్లు గూడా తీసినావంట.

ఈడ నాతోపాటు ఒకే ఇంట్లో పనిచేసే హిరుత్‌ది ఇథియోపియా. ఆమెదీ అదే జుట్టు. శుక్రవారం సెలవు రోజు తల చుట్టూ గుండ్రంగా విప్పుకొని పోతాంటే మా మేడమ్ గూడా నిలబడి చూస్తాది. దాన్ని ఆఫ్రో అంటారంట. అర్థమేమని అడిగితే, "ఎవురికీ భయపడకుండా పెంచుకునేది" అని నవ్వింది. ఈ పెద్ద పండ్ల దువ్వెన ఆమె ఇచ్చిందే. తల తడిగా ఉన్నప్పుడే దువ్వాల.

"మా వంశంలో ఇట్లాంటి జుట్టు లేదు, నీ పుట్టింటిదే" అని నన్నంటావు. నేను విమానమెక్కే ముందురోజు మామ నీ ట్రంకుపెట్టెలోంచి ఒక ఫోటో తీసి చూపించినాడు. ఏడేండ్ల పిల్ల, తల మీద గంపంత జుట్టు. మూడుసార్లు గుండు కొట్టించినాక తీసిన ఫోటో అంట. ఆ పొద్దు నేను నవ్వలేదత్తా, ఒట్టు.

టికెట్లు క్యాన్సిల్ చేయించు. ఇన్నేండ్లు ఆముదం పెట్టి అణిచిన నీ కొప్పు గూడా విప్పు. దువ్వెన ఇద్దరికీ సరిపోతాది.

నీ కోడలు